తెమడలో నెత్తురు పడితే చక్కెర కూడా చూడాలి

ఝరాసంగం: దగ్గిన గుడ్డ మీద ఎర్రటి మరక కనిపిస్తే చాలా ఇళ్లలో ముందుగా జరిగే పని ఆ గుడ్డను దాచేయడం. పెళ్లి కావలసిన పిల్ల దగ్గుతున్నా, పెళ్లి కుదిరిన కొడుకు దగ్గుతున్నా ఈ దాపరికం మరీ ఎక్కువ. "వేడి చేసింది", "చిగుళ్ల నుంచి వచ్చింది", "గొంతు గీరుకుంది" అని సర్దిచెప్పుకుంటూ నాలుగు రోజులు కాస్తా నాలుగు వారాలు చేస్తారు. క్షయ అనే మాట గుమ్మం దాటి బయటికి పోరాదని పెద్దల పట్టుదల. ఈలోగా ఊపిరితిత్తిలో గుంట పెరుగుతూనే ఉంటుంది.

పడుచు వయసులో ఉన్నవారికి ఇలా నెత్తురు పడినప్పుడు క్షయతోపాటు మరొక జబ్బు కూడా దాగి ఉండవచ్చునన్న ఆలోచన మాత్రం పల్లెల్లో అరుదు. అదే చక్కెర జబ్బు. ఊపిరితిత్తికి ఒక డాక్టరు, షుగరుకు మరో డాక్టరు, రెండు చీటీలు, రెండు మందుల సంచులు. ఒంట్లో మాత్రం ఆ రెండు జబ్బులూ ఒకదానికొకటి మేత వేసుకుంటూ ఉంటాయి. ఒకదాన్ని వదిలేసి రెండోదానికి ఎంత వైద్యం చేసినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్లే అవుతుంది.

ఉదాహరణకు ఇరవై రెండేళ్ల యువకుణ్ణి ఊహించుకుందాం. జహీరాబాద్‌లో పనికి పోతుంటాడు. మూడు నెలల్లో చొక్కా వదులైంది. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నాడు, చెంబెడు నీళ్లు తాగుతున్నాడు. ఎండాకాలం కదా అనుకున్నారు. దగ్గు మొదలైంది. ఊళ్లో తెలిసినాయన సీసా మందు ఇచ్చాడు, సూది వేశాడు. నెల తిరిగాక ఒకనాటి తెల్లవారుజామున దగ్గు తెర వచ్చి టీ గ్లాసులో సగం నెత్తురు పడింది. ఆ ఇంట్లో క్షయ గురించైనా ఎవరో ఒకరు అనుమానపడతారు. "ఇరవై రెండేండ్ల పోరనికి షుగరేంది?" అని మాత్రం అందరూ కొట్టిపారేస్తారు. వయసును చూసి జబ్బును కొట్టిపారేయడమే ఇక్కడ జరిగే పొరపాటు.

టీ గ్లాసే కొలత

నోట్లోంచి వచ్చిన ప్రతి నెత్తురూ ఊపిరితిత్తిది కాదు. ముక్కు నుంచి వెనక్కి జారినది కావచ్చు, చిగుళ్లది కావచ్చు. కడుపులోంచి వచ్చేది వాంతితో, ఒక్కోసారి అన్నం మెతుకులతో కలిసి, ముదురు రంగులో కాఫీ పొడి మాదిరిగా ఉంటుంది. ఊపిరితిత్తి నెత్తురు దగ్గుతో వస్తుంది. సాధారణంగా ఎర్రగా, నురుగుతో ఉంటుంది. దీనికీ కారణాలు అనేకం. న్యుమోనియా, శ్వాసనాళాలు వెడల్పయి చీము పట్టడం, చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం వల్ల గుండె కవాటం ముడుచుకుపోవడం, పాత క్షయ గుంటలో బూజు గడ్డకట్టడం కూడా అందులో ఉన్నాయి. అయినా మన దేశంలో ముందుగా వెదకవలసింది క్షయనే. ప్రపంచంలో ఏటా క్షయ సోకే వారిలో సుమారు నాలుగోవంతు భారతదేశంలోనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదికలు చెబుతున్నాయి.

తెమడలో చారలుగా నెత్తురు కనిపిస్తే ఒకటి రెండు రోజుల్లో ఆసుపత్రికి పోవచ్చు. గ్లాసుల లెక్కన పడితే గంటలు కూడా ఆగరాదు. ఎంత పడితే ప్రమాదం అన్నదానిపై వైద్య గ్రంథాల్లో ఏకాభిప్రాయం లేదు. 24 గంటల్లో 100 మిల్లీలీటర్లని కొందరు, 600 అని మరికొందరు గీత గీశారు. గ్రామస్థులు గుర్తుంచుకోవలసిన లెక్క ఇంతకంటే సులువు. మన శ్వాసనాళాల్లో పట్టే ఖాళీ మొత్తం సుమారు 150 మిల్లీలీటర్లు. అంటే హోటల్లో ఇచ్చే చిన్న టీ గ్లాసు ఒకటిన్నర. అంత నెత్తురు ఒక్కసారిగా నాళాల్లో నిండితే గాలికి చోటుండదు. ఇలాంటి రోగులు ఎక్కువగా చనిపోయేది నెత్తురు తగ్గిపోయి కాదు, ఊపిరాడక. ఈ సంగతి తెలిస్తే ఇంట్లో చేయవలసినదేమిటో దానంతటదే తెలుస్తుంది.

రోగిని వెల్లకిలా పడుకోబెట్టరాదు. ఏ వైపు ఊపిరితిత్తిలో జబ్బు ఉన్నదో ఎక్స్‌రేలో ముందే తెలిసి ఉంటే ఆ వైపు కిందికి వచ్చేలా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అప్పుడు నెత్తురు మంచి ఊపిరితిత్తిలోకి జారదు. కుడివైపు జబ్బయితే కుడి పక్క కింద, ఎడమవైపయితే ఎడమ పక్క కింద. కొందరు నొప్పి ఉన్న వైపు పైకి ఉంచుతారు, అది తలకిందుల పని. ఏ వైపో తెలియకపోతే ముందుకు వంచి కూర్చోబెట్టి, వచ్చిన నెత్తురును మింగకుండా ఉమ్మేయమనాలి. నీళ్లు, పాలు, టీ ఏవీ పట్టవద్దు. దగ్గు ఆపే మందు పోయవద్దు, ఆ సమయంలో దగ్గే రోగిని కాపాడుతున్నది. నొప్పి గోళీలు, ముఖ్యంగా ఆస్పిరిన్ రకాలు ఇవ్వవద్దు. పడిన నెత్తురును ఒక గిన్నెలో పట్టి ఉంచితే ఎంత పోయిందో డాక్టరు కళ్లారా చూస్తారు. 108కి ఫోను చేసి, పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు, షుగరు మందులు అన్నీ ఒక సంచిలో వేసుకుని బయలుదేరాలి. కుంకుమ రాయడం, పసరు పోయడం వంటివి చేస్తూ కూర్చుంటే పోయేది విలువైన సమయం.

కేతకీ సంగమేశ్వరుని క్షేత్రంలో ఉన్నవారికి ఒక మాట చెప్పాలి. ఒంటి జబ్బుతో బాధపడిన కుపేంద్ర మహారాజు ఇక్కడి గుండంలో స్నానం చేసి స్వస్థత పొందాడని స్థలపురాణం. ఆ నమ్మకంతో ఇటు మన జిల్లా నుంచీ అటు బీదరు వైపు నుంచీ జనం వస్తూనే ఉంటారు. మొక్కు చెల్లించుకోవడాన్ని ఎవరూ కాదనరు. నెత్తురు కక్కుతున్న మనిషిని మాత్రం ముందు ఆసుపత్రికి చేర్చి, మొక్కు తరువాత తీర్చుకోవచ్చు.

ఆసుపత్రిలో ఏం చేస్తారు

పెద్దాసుపత్రిలో వైద్యులు మొదట చూసేది నెత్తురు ఎక్కడి నుంచి వస్తున్నదని కాదు, ఊపిరి ఆడుతున్నదా లేదా అని. ప్రాణవాయువు పెడతారు. రెండు చేతులకూ సెలైను సూదులు వేసి నెత్తురు గ్రూపు చూస్తారు. ఊపిరి అందకపోతే గొంతులోంచి గొట్టం వేస్తారు. అవసరమైతే ఆ గొట్టాన్ని మంచి ఊపిరితిత్తి నాళంలోకే దించి దాన్ని కాపాడతారు. నెత్తురు గడ్డ నిలబడేందుకు ట్రానెక్సామిక్ ఆసిడ్ అనే మందు ఇస్తారు. ఎక్స్‌రే, ఆ తరువాత రక్తనాళాలు కనిపించేలా రంగు మందు ఎక్కించి సీటీ స్కాన్ తీస్తారు. బ్రాంకోస్కోపు అనే సన్నని గొట్టంతో లోపలికి చూసి చల్లని సెలైనుతో కడిగి తాత్కాలికంగా ఆపడం కూడా కద్దు.

అసలు ఇంత నెత్తురు ఎక్కడిది? ఊపిరితిత్తికి రెండు దారుల్లో నెత్తురు చేరుతుంది. గుండె కుడివైపు నుంచి వచ్చే పెద్ద నాళాల్లో ఒత్తిడి తక్కువ. ఇవి కాక, శ్వాసనాళాల గోడలకు ఆహారం మోసే సన్నని ధమనులు మహాధమని నుంచి చీలి వస్తాయి. వాటిలో ఒత్తిడి ఒంటిలోని మిగతా ధమనులతో సమానం. చాలాకాలం క్షయ గుంట ఉన్నచోట ఈ సన్న ధమనులు లావెక్కి, మర్రి ఊడల్లా మెలికలు తిరుగుతాయి. అవి చిట్లితే నెత్తురు చిమ్ముతుంది. భారీగా నెత్తురు పడిన కేసుల్లో నూటికి 90 దాకా ఈ ధమనులవేనని వైద్యుల లెక్క. కొద్దిమందిలో గుంట గోడలోని పెద్ద నాళమే ఉబ్బి పగులుతుంది.

ఈ ధమనులను మూసే విద్యను 1970ల తొలినాళ్లలో ఫ్రాన్సులో జాక్ రెమీ అనే వైద్యుడు, ఆయన సహచరులు ప్రపంచానికి చూపించారు. పేరు ఎంబోలైజేషన్. ఛాతీ కోయనక్కరలేదు. తొడ మొదట్లోని ధమనిలో సన్న గొట్టం దూర్చి, తెర మీద చూస్తూ మహాధమని దాకా ఎక్కించి, చిట్లిన కొమ్మను వెదికి, అందులోకి ఇసుక రేణువుల్లాంటి పదార్థం వదిలి మూసేస్తారు. పొలంలో గండి పడిన కాలువను మడవ కట్టినట్లన్నమాట. రోగి మెలకువగానే ఉంటాడు. చాలామందిలో నెత్తురు అప్పటికప్పుడు ఆగుతుంది. అయితే నెలలకో, సంవత్సరాలకో తిరిగి వచ్చే వారూ తక్కువేమీ కాదు, ఎందుకంటే లోపలి జబ్బు అలాగే ఉంటుంది. వెన్నుపాముకు పోయే ధమని పొరపాటున మూసుకుపోయే అపాయం అరుదుగా ఉంది గనుక ఇది చేయి తిరిగినవారు చేయవలసిన పని. హైదరాబాద్‌లోని నిమ్స్ వంటి పెద్దాసుపత్రులకు ఇందుకే పంపుతారు. ఆరోగ్యశ్రీ కింద ఏమేరకు వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగడం మంచిది. ఇవేవీ ఫలించనప్పుడు పాడైన భాగాన్ని కోసి తీసేసే ఆపరేషన్ ఉంది.

ఇప్పుడు చక్కెర సంగతికి వద్దాం. నెత్తురు పడుతున్న యువకుడి షుగరు 400 ఉంటే పైన చెప్పిన ప్రతి మెట్టూ జారుడు మెట్టే అవుతుంది. ఆపరేషన్ గాయం మానదు. రంగు మందు ఎక్కించాలంటే మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూడాలి. మూత్రపిండాలు దెబ్బతిని ఉంటే మెట్‌ఫార్మిన్ గోళీని కొద్దిరోజులు ఆపవలసి రావచ్చు. ఆయాసం తగ్గించేందుకు స్టెరాయిడ్ సూది వేస్తే చక్కెర ఇంకా పైకి పోతుంది. అందువల్ల ప్రమాద స్థితిలో ఉన్న రోగికి గోళీలు పక్కనపెట్టి ఇన్సులిన్ ఎక్కిస్తూ, చక్కెర సుమారు 140, 180 మధ్య నిలిచేలా గంటగంటకూ చూస్తారు.

మరొక చిక్కు. ఇన్సులిన్ బొత్తిగా లేని పడుచువారిలో ఒంట్లో కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారుతుంది. అప్పుడు రోగి లోతుగా, వేగంగా ఊపిరి తీస్తాడు. వాంతులు, కడుపునొప్పి ఉంటాయి. నోటి నుంచి మగ్గిన పండు వాసన వస్తుంది. పక్కనే దగ్గు కూడా ఉంటే చూసినవారు ఈ ఆయాసమంతా ఊపిరితిత్తిదేనని అనుకుంటారు. వేలి కొసన ఒక్క చుక్క తీసి చూస్తే నిమిషంలో తేలే సంగతి ఇది. దీనికి వైద్యం సెలైను, ఇన్సులిన్, పొటాషియం. పొటాషియం ఎంత ఉన్నదో చూడకుండా ఇన్సులిన్ ఎక్కించరాదు. ఇంటి దగ్గర చేసేది కాదు. ఇలాంటి స్థితిలో ఊపిరితిత్తికి ప్రమాదకరమైన బూజు కూడా పట్టవచ్చు. 2021లో కొవిడ్ వేళ బ్లాక్ ఫంగస్ పేరుతో భయపెట్టినది ఆ జాతిదే. అదుపు తప్పిన చక్కెరే దానికి పెద్ద ఆసరా అయింది.

సన్నగా ఉన్నవాడికి షుగరా?

చక్కెర జబ్బు లావుపాటి షావుకారులది అన్న మాట ఎప్పుడో పాతబడింది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులున్నారు, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. యువకులలో ఇది ఒకే రకంగా ఉండదు. క్లోమం పనిచేయక ఇన్సులిన్ పూర్తిగా నిలిచిపోయేది ఒక రకం, వీరికి సూది తప్ప గతి లేదు. పెద్దల్లో కనిపించే రకం ఇప్పుడు పాతికేళ్లకే వస్తున్నది. క్లోమంలో రాళ్లు కట్టి వచ్చే రకం దక్షిణాదిలో చాలాకాలంగా వైద్యులకు తెలుసు. చిన్ననాట తిండి చాలక ఎముకలగూడులా పెరిగిన వారికి వచ్చే రకాన్ని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025లో అయిదో రకంగా గుర్తించింది. ఇలాంటి బక్కపలచని మనిషిని చూసి తిండి లేక చిక్కాడనో, క్షయ వల్ల చిక్కాడనో అనుకోవడం సహజం. షుగరు వల్ల కూడా చిక్కి ఉండవచ్చు. ముగ్గురు దొంగలూ ఒకే ఇంట్లో దూరి ఉండవచ్చు కూడా.

చక్కెర ఎక్కువైతే ఒంట్లోకి చొరబడ్డ క్రిముల్ని మింగే తెల్లకణాలు మందగిస్తాయి. మధుమేహం ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం లేనివారికంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. వచ్చిన తరువాత మందులు పనిచేయకపోవడం, తిరగబెట్టడం, మరణించడం కూడా ఎక్కువే. వీరిలో ఊపిరితిత్తిలో గుంటలు పడటం అధికం, ఒక్కోసారి పైభాగంలో కాక కింది భాగంలో పడతాయి. క్షయ పైభాగంలోనే వస్తుందని తలచి చూసేవారు ఆ ఎక్స్‌రేను న్యుమోనియా అనుకునే ప్రమాదం ఉంది. 2012లో అచ్చయిన పరిశీలనల్లో క్షయ రోగులను పరీక్షిస్తే తమిళనాడులో నూటికి 25 మందికి, కేరళలో 44 మందికి మధుమేహం బయటపడింది. ఈ రెండు జబ్బుల చుట్టరికాన్ని వెయ్యేళ్ల కిందటే ఇబ్నె సీనా అనే హకీము గమనించి రాశాడు. రాజయక్ష్మ, మధుమేహం అనే మాటలు మన ఆయుర్వేద గ్రంథాల్లో అంతకంటే ముందు నుంచీ ఉన్నవే.

క్షయ తీవ్రంగా ఉన్నప్పుడు ఒంటి మీది భారం వల్ల తాత్కాలికంగా చక్కెర పెరగడమూ ఉంది. కాబట్టి ఒక్క పరీక్షతో జీవితాంతం షుగరు ముద్ర వేయరు. పరగడుపున 126 లేక అంతకు మించి ఉందా, మూడు నెలల సగటు చూపే పరీక్షలో 6.5 లేక అంతకు మించి ఉందా అని చూసి, క్షయ వైద్యం సాగుతుండగా మళ్లీ చూస్తారు. అలాగని తాత్కాలికమేలే అని వదిలేయరాదు. పెరిగినన్నాళ్లూ వైద్యం చేయవలసిందే.

ప్రభుత్వం ఊరూరా చేస్తున్న బీపీ, షుగరు పరీక్షలు 30 ఏళ్లు నిండినవారికి. ఖర్చు, సిబ్బంది చూసుకుంటే ఆ గీత ఎందుకు గీశారో అర్థం చేసుకోవచ్చు. అయితే ఆ గీతకు ఇవతల ఉన్న 19 ఏళ్ల కాలేజీ పిల్ల, 24 ఏళ్ల కూలీ ఎవరి లెక్కలోకీ రారు. ఇద్దరిలో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ఆ గీతతో పని లేదు. క్షయ అని తేలిన ప్రతి రోగికీ షుగరు చూడాలని, షుగరు ఉన్నవారిని దగ్గు, జ్వరం, బరువు తగ్గడం గురించి అడగాలని 2017లోనే జాతీయ స్థాయిలో నిర్ణయించారు. ఎవరైనా మరిచిపోతే అడిగి చేయించుకునే హక్కు రోగికి ఉంది. ఆశ కార్యకర్తను, ఏఎన్‌ఎంను అడగడానికి మొహమాటం అక్కరలేదు.

మందులతో వచ్చే తంటా

క్షయను పట్టడానికి ఇప్పుడు తెమడను జీను పరీక్షకు పంపుతారు. సీబీనాట్, ట్రూనాట్ అనే యంత్రాలు కొద్ది గంటల్లోనే క్రిమి ఉందో లేదో చెప్పి, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. మామూలు క్షయకు రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు మందులు, ప్రతిరోజూ. మందులన్నీ ఉచితం. మొండి క్షయకు మందులు వేరు, కాలమూ వేరు.

ఈ రిఫాంపిసిన్ దగ్గరే షుగరు రోగి జాగ్రత్త పడాలి. మొదటి సంగతి భయపడనక్కరలేనిది. ఈ గోళీ వేసుకుంటే మూత్రం, చెమట ఎర్రటి నారింజ రంగులో వస్తాయి. నెత్తురు పోతున్నదని బెదిరి మందు మానేసిన వారున్నారు. అది మందు రంగే. రెండో సంగతి ముఖ్యమైనది. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి షుగరు గోళీలను రిఫాంపిసిన్ కాలేయంలో త్వరగా అరగదీసి వాటి బలం తగ్గిస్తుంది. గోళీ క్రమంగా మింగుతూనే ఉన్నా చక్కెర పెరుగుతుంది. పథ్యం తప్పాడని ఇంటివారు రోగిని తిడతారు, పాపం అతని తప్పేమీ లేదు. అందుకే క్షయ తీవ్రంగా ఉన్నప్పుడు ఇన్సులిన్ సూదికి మారుస్తారు. ఇన్సులిన్ అంటే చివరి మెట్టని ఊళ్లో ఒక భయం ఉంది. నిజానికి క్షయ తగ్గి ఒళ్లు కోలుకున్నాక చాలామంది తిరిగి గోళీలకు రావచ్చు. ఇన్సులిన్ బొత్తిగా లేని రకం వారు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ సూది మానరాదు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో 14 ఏళ్ల బాలుడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేవరకూ అలాంటి పిల్లలు బతికిన దాఖలాలు బహు తక్కువ.

మూడో సంగతి ఎవరూ చెప్పనిది. ఆరు నెలలు పూర్తయి రిఫాంపిసిన్ ఆగగానే షుగరు గోళీలకు మళ్లీ బలం వస్తుంది. కోర్సులో పెంచిన మోతాదే కొనసాగితే చక్కెర పడిపోయి చెమటలు పట్టి, కళ్లు తిరిగి పొలం గట్టు మీదే పడిపోవచ్చు. క్షయ మందు ఆపిన వారం పది రోజుల్లో షుగరు డాక్టరును తప్పక కలవాలి. ఐసోనియజిడ్ వల్ల అరికాళ్లు తిమ్మిర్లు పట్టవచ్చు, షుగరు వల్ల కూడా అవే తిమ్మిర్లు. అందుకే బీ6 విటమిన్ గోళీ తోడుగా ఇస్తారు, దాన్ని అనవసరమని పక్కన పడేయరాదు.

అనంతగిరి నుంచి ఇంటి అరుగు దాకా

ఒకప్పుడు ఈ ప్రాంతంలో క్షయ అంటే అనంతగిరి. వికారాబాద్ పక్క కొండ మీద నిజాం కాలంలో వెలసిన శానిటోరియానికి రోగులను పంపేవారు. గాలి, ఎండ, గుడ్లు, పాలు, విశ్రాంతి, ఇవే అప్పటి వైద్యం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం కూడా అలా పుట్టిందే. కొండెక్కినవాడు తిరిగి వస్తాడన్న ఆశ తక్కువగా ఉండేది గనుక ఆ పేరు చెబితేనే ఇంట్లో ఏడుపులు. తరువాత మద్రాసులో 1956లో మొదలైన కేంద్రం ఒక పని చేసింది. రోగులను రెండు జట్లుగా విడదీసి ఒక జట్టును శానిటోరియంలో, రెండో జట్టును వారి ఇరుకు ఇళ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చింది. చాలీచాలని తిండి తింటూ ఇంట్లో ఉన్నవారు కూడా దాదాపు అంతే బాగుపడ్డారు. ఇంటివారికి అంటుకోవడమూ ఎక్కువ కాలేదు. 1959లో ఆ ఫలితాలు వెలువడ్డాక ప్రపంచమంతటా శానిటోరియాలు మూతపడటం మొదలైంది. పేదవాడి ఇంటి అరుగు మీదనే క్షయ నయమవుతుందని లోకానికి చూపింది మన పక్క ఊరే అంటే అతిశయోక్తి కాదు.

మందు ఒక్కటే చాలని దీని అర్థం కాదు. రోగి చిక్కి ఉన్నప్పుడు తిండి కావాలి. అందుకే 2018 నుంచి క్షయ రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేస్తూ వచ్చిన కేంద్రం 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేసింది. షుగరు కూడా ఉన్నవాడికి ఇక్కడ సందిగ్ధం వస్తుంది. బలానికి తినమని ఒకరు, చక్కెరకు మానమని ఇంకొకరు చెబితే మధ్యలో వాడు పస్తులుంటాడు. క్షయ మందులు వాడుతున్నవాణ్ణి ఆకలితో మాడ్చడం పెద్ద తప్పు. అన్నం కుప్ప తగ్గించి పప్పు, గుడ్లు, పల్లీలు, పెరుగు, ఆకుకూర పెంచాలి. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 1980ల నుంచి కాపాడుతూ వచ్చిన జొన్న, కొర్ర, సామ ఇక్కడ పనికొస్తాయి. జొన్నరొట్టె తింటే షుగరు పోతుందని మాత్రం ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆరు రొట్టెలు తింటే అదీ చక్కెరే. రెండు రొట్టెలు, గిన్నెడు పప్పు, కూర అంటే లెక్క కుదురుతుంది. బీడీ మాత్రం ఏ లెక్కలోనూ కుదరదు. అది ఊపిరితిత్తినీ కాలి నరాలనూ ఒకేసారి తింటుంది.

ఇంట్లో ఒకరికి క్షయ తేలితే మిగతా అందరినీ పరీక్షించి, జబ్బు లేనివారికి రాకుండా మందు ఇచ్చే ఏర్పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా ఉంది. ఆ ఇంట్లో షుగరు ఉన్న తల్లి గానీ తాత గానీ ఉంటే వారిని ముందు వరుసలో చూపించాలి. సందేహాలకు నిక్షయ్ ఉచిత ఫోను 1800-11-6666.

క్షయ పూర్తిగా నయమైన తరువాత కూడా కొందరికి ఏళ్ల తరబడి ఊపిరితిత్తిలో మచ్చ, గుంట మిగిలిపోతాయి. అక్కడి నుంచి అయిదారేళ్లకు మళ్లీ నెత్తురు పడవచ్చు. అది క్షయ తిరగబెట్టడం కావచ్చు, కేవలం పాత గుంట చిట్లడం కావచ్చు, బూజు కావచ్చు. మూడింటికీ వైద్యం వేరు. తేడా తేల్చడానికి డాక్టరుకు అన్నిటికంటే పనికొచ్చేది కోర్సు ముగిసిన నాటి ఎక్స్‌రే. ఇల్లు సున్నం వేసేటప్పుడు ఆ పాత ఫిల్మును పారేయకుండా, కోర్సు పూర్తయిన చీటీతోపాటు పెట్టెలో భద్రంగా దాచుకోవాలి.